ఉపకారము కాదు, ఋణము

2023 ఫిబ్రవరి 6వ తేదీని తుర్కీదేశమున భూమి కంపించి వేలకొలది ప్రాణములను హరించెను. మరునాడే మన జాతీయ విపత్తు స్పందన దళమువారు అదనాలో దిగిరి. అదనా ప్రత్తి పండు మైదానము. భూకంపమునకు కేంద్రమైన మరాషు సీమ మిరపకు పేరుగాంచినది. కూలినవి మన గుంటూరు, ఒంగోలు రైతులవంటివారి యిండ్లే.

1977 నవంబరు 19వ తేదీని దివిసీమయు, బాపట్ల, రేపల్లె ప్రాంతముల తీరగ్రామములును ఉప్పెనపాలైనపుడు పరప్రాంతీయులెందరో వచ్చి మనకు అన్నము పెట్టిరి. ఆ ఋణము తీర్పవలసినదే.

అయితే ఆ దళమువారికి అభ్యాసము కలదు. ఉత్సాహముచేతనే బయలుదేరువారి మాట వేఱు. పరదేశమున దిగు సేవకుడు తన తిండియు గుడారమును తానే కొనిపోవలెను. స్థానికుల యాజ్ఞకు లోబడవలెను. లేనిచో ఆకలిగొన్నవారి పంక్తిలో తానొక విస్తరి యగును. కావున గాయములకు కట్టు గట్టుటయు, శిథిలములు తొలగించుటయు మన పట్టణములందలి యువకులకు ఇప్పుడే నేర్పింపవలయును. అందులకు ధనవంతులగు రైతులును వర్తకులును పూనుకొందురుగాక!