పాత చర్మము – క్రొత్త రూపము

గడ్డి కూరి నిలిపిన పులి, దుప్పి, ముంగిస మొదలగు జంతువులు కొన్ని పాత విద్యాలయముల విజ్ఞానశాస్త్రపు గదులలో నేటికిని నిలిచియున్నవి. కుట్లు విడి, చెవులు చిట్లి, గాజుకన్ను రాలిన యట్టి జంతువును జూచి కొందరు “పారవేయు”డందురు. మరికొందరు “నానబెట్టి మరల నిలబెట్టు”డందురు. ఈ రెండును తొందరపాటు మాటలేయని మా యభిప్రాయము.

పారవేయరాదనుటకు దృష్టాంతము అడిక్‌మెట్ చెంతనే గలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమునుండి తార్నాక దాటి ఉప్పల్ దారిని పోయినచో హబ్సిగూడయందు సి.సి.ఎం.బి. యను జీవశాస్త్ర పరిశోధనాలయము కానవచ్చును. అచ్చటి శాస్త్రజ్ఞులు ఇతర సంస్థలవారితో గూడి చీతాల వంశచరిత్రను గూర్చిన పరిశోధన నొకదానిని 2020వ సంవత్సరమున ప్రకటించిరి. వారు గైకొన్న ఆధారములలో కలకత్తా ప్రదర్శనశాలయందలి పాత చీతా చర్మ మొకటి. మన దేశమున చీతా అంతరించినట్లు 1952లో ప్రకటింపబడెను. 2022లో కూనో వనమునకు తెచ్చినవి ఆఫ్రికా చీతాలు. పూర్వపు చీతా లేని చోట ఎండిన తోలే సాక్ష్యము పలికినది గదా! అదియునుగాక 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిదప పులిని జంపి క్రొత్త చర్మము తెచ్చుట నేరము. ఉన్నదానినే కాపాడుకొనవలయును.

అట్లని తొట్టిలో ముంచుటయు తగదు. పటికతో పదును చేసిన తోలు కాలక్రమమున తనలోని ఆమ్లముచే తానే క్షీణించును. అట్టిది నీట పడినచో తడిసిన కాగితమువలె చినుగును. పిమ్మట నేర్పరియు దానిని బాగుచేయజాలడు. కావున ముందుగా కనబడని చోట చిన్న తునకను తడిపి లాగి చూడవలయును. అది సాగినచో చల్లని ఉప్పునీటిలో క్రుళ్లు పట్టనీయని మందు కలిపి, మెల్లగా మెత్తబరుపవచ్చును. వేడినీరు తోలును ముడుచుకొనజేయును. మందు లేని నీట చిరకాలముంచిన వెండ్రుకలు రాలును. పాత తోలు మొదటి కొలతకు మరల సాగదు. కాన తోలు కొలతనుబట్టియే లోపలి బొమ్మను చేయవలయును గాని, సిద్ధముగానున్న బొమ్మపై తోలును బలిమిని లాగరాదు. తునక చినిగెనా, ఆ జంతువును తడుపక, దుమ్ము దులిపి, గాజుపెట్టెలో నుంచుటయే మేలు.

తల్లిదండ్రులును ఉపాధ్యాయులును మరువరాని దింకొకటి గలదు. పురుగు పట్టకుండుటకై పూర్వము చర్మములకు పాషాణము కలిపిన సబ్బును పూయుచుండిరి. ఆ విషము నేటికిని వెండ్రుకలలో నుండవచ్చును. పాత జంతువును పిల్లలచేత తుడిపింపరాదు. చేతితొడుగులును ముక్కుకు గుడ్డయు లేక పెద్దలును దానిని ముట్టరాదు.

మా కోరిక యిది. ఏ పాత జంతువునైనను బాగుచేయించుటకు ముందు, గోరంత ఎండుతునకను కోసి వేరుగా భద్రపరుపవలయును. అది దొరికిన చోటు, సంవత్సరము తెలుపు చీటిని దానితోనే యుంచవలయును. నీరును మందును తగిలిన పిదప తోలు పలుకగల సాక్ష్యము తరిగిపోవును. అందము మరల తెచ్చుకొనవచ్చును. చెరిగిన సాక్ష్యమును తెచ్చుకొనజాలము.