తీరవాసం భోగమా, ఋణమా?

తెలుగులో ‘గండి’ అనే పదానికి రెండు అర్థాలు ప్రసిద్ధాలు. కొండను చీల్చుకొని నది సాగిపోయే ఇరుకైన మార్గం గండి. చెరువుకట్ట తెగి నీరు ఊరిమీదికి దూకే చోటు కూడా గండియే. మొదటిది జలం తనకు తానై నిర్మించుకొన్న ద్వారం. రెండవది మనుష్యుని ప్రమాదఫలం. సంస్కృతంలో ప్రమాదమంటే ముందుగా ఏమరుపాటు అని అర్థం. ఆపద అన్న అర్థం ఆ ఏమరుపాటు వెంట వచ్చినదే. నీటి ఒడ్డున నివసించేవారి ధర్మమంతా ఈ రెండు గండ్ల నడుమనే ఉన్నది. నీటి దారిని గౌరవించినవారికి మొదటి గండి తీర్థమవుతుంది. గౌరవించనివారికి రెండవ గండి దండనమవుతుంది.

కడప జిల్లా చక్రాయపేట మండలంలోని గండి మొదటి రకానికి ఉత్తమోదాహరణం. కర్ణాటకలో నందికొండల ప్రాంతాన పుట్టిన పాపఘ్ని నది ఇక్కడ పర్వతపంక్తిని ఛేదించుకొని వచ్చి, కమలాపుర సమీపంలో పినాకినిలో లీనమవుతుంది. ఆ ఛేదస్థానంలో వీరాంజనేయస్వామి వెలసియున్నాడు. శ్రావణమాస శనివారాలలో జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల సీమల నుండి భక్తజనం ఇక్కడికి తరలివస్తుంది. ఈ క్షేత్రానికి కొద్దిదూరంలోనే వేంపల్లె, ఇడుపులపాయ ఉన్నాయి. 2008లో ఏర్పడిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణాలలో ఒకటి ఇడుపులపాయలో నెలకొన్నది. పదవ తరగతి ముగించిన గ్రామీణ బాలబాలికలు ఆరేళ్ళు అక్కడనే ఉండి చదువుకొంటారు. ఒకే లోయలో ఒకవైపు తీర్థం, ఒకవైపు విద్యాస్థానం. నగరపు రొదకు దూరంగా, పూర్తిగా పల్లెయూ కాని ఇటువంటి చోట నివసించాలని ఇప్పుడు ఎందరో కోరుకొంటున్నారు. ఆ కోరికలో దోషం లేదు. ఆ కోరికతోపాటు వచ్చే బాధ్యత ఏమిటన్నదే విచారణీయం.

గండి స్థలపురాణంలోనే దీనికి సమాధానపు బీజం ఉన్నది. లంక నుండి మరలివస్తున్న శ్రీరాముడు వాయుదేవుని ప్రార్థనపై ఇక్కడ విడిసి, ఆంజనేయుని స్మరిస్తూ బాణాగ్రంతో శిలపై ఆయన రూపాన్ని లిఖించాడని, ఎడమచేతి చిటికెనవ్రేలిని మాత్రం శిల నుండి వేరుచేయక విడిచాడని ఐతిహ్యం. తరువాతి కాలంలో ఒక శిల్పి ఆ లోపాన్ని సవరింపబోగా, ఉలి తగిలిన చోట రక్తం స్రవించినదట. అతడు పని మానుకొన్నాడు. ఇది కేవలం మహిమాకథనం కాదు. సమస్తాన్నీ చెక్కి పూర్తిచేయడమే నైపుణ్యమనుకొనే బుద్ధికి ఇది ఒక నిషేధవాక్యం. భగవంతుడు తాకక విడిచిన చిటికెనవ్రేలంత చోటును మానవుడు కూడా విడువవలెను. ఆ విడిచిన చోటే విగ్రహాన్ని సజీవం చేస్తున్నది. చెరువు చుట్టూ, వంక ఇరువైపులా మన పూర్వులు ఖాళీగా ఉంచిన భూమి అటువంటి చిటికెనవ్రేలే.

పాపఘ్ని నది. నదీతీరవాసం సంగతి అది. చెరువు ఒడ్డున, విశ్వవిద్యాలయాల చెంత నివాసం ఎట్లుంటుందో చూడవలెనంటే పొరుగుననున్న అనంతపురానికి పోవలెను. విజయనగర ప్రభువు బుక్కరాయల పేరిట, పండమేరు వంక నీటితో 14వ శతాబ్దంలో ఏర్పడిన బుక్కరాయసముద్రం చెరువు అనంతపురం పట్టణాన్ని ఆనుకొని ఉన్నది. 1981లో విశ్వవిద్యాలయంగా రూపొందిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఆ పట్టణానివే. ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి స్థలం కేటాయించినది కూడా బుక్కరాయసముద్రం మండలంలోని జంతలూరులోనే. ఆరువందల ఏళ్ళనాటి చెరువు చుట్టూ అధునాతన విద్యాలయాలు చేరినవి. వాటి వెంట అధ్యాపకుల ఇళ్ళు, విద్యార్థుల వసతిగృహాలు, భోజనశాలలు వచ్చినవి. ఈ సామీప్యం యాదృచ్ఛికమని తోచవచ్చును. మన సంప్రదాయదృష్టిలో మాత్రం తటాకానికీ విద్యకూ బంధుత్వం సహజం.

మనవారు సప్తసంతానాలను పేర్కొన్నారు. పుత్రుడు, తటాకం, కావ్యం, నిధి, దేవాలయం, వనం, అగ్రహారం. మనుష్యుడు గతించిన తరువాతను అతని పేరును నిలిపేవి ఇవి. ఈ పరిగణనలో సూక్ష్మం ఒకటి ఉన్నది. అగ్రహారం వేదశాస్త్రాధ్యయనానికి ఏర్పడిన నివాసం, అంటే ఆనాటి విద్యానగరం. తటాకం, అగ్రహారం ఒకే పంక్తిలో తోబుట్టువులుగా కూర్చున్నాయి. కనుక చెరువు ఒడ్డున, విద్యానగరం చెంత ఇల్లు కట్టుకొన్నవాడు పూర్వులు కన్న రెండు సంతానాల నడుమ నివసిస్తున్నాడు. వాటి ఫలాన్ని అనుభవిస్తున్నాడు. ఇతరుల సంతానం చేత పోషింపబడేవానికి ఆ సంతానం పట్ల ఋణం ఉండదా?

ఆ సంతానాన్ని కనడం ఎంత శ్రమసాధ్యమో కడప జిల్లాలోని పోరుమామిళ్ళ శాసనం తెలుపుతుంది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఉదయగిరి నుండి పాలిస్తూ నిర్మింపజేసిన అనంతరాజసాగరాన్ని గురించి 1369లో వెలసిన సంస్కృత శాసనమది. రోజూ వేయిమంది కూలీలు, రాళ్ళు మోయడానికి నూరు బండ్లు, రెండేళ్ళ కాలం పట్టిన నిర్మాణమది. అయితే ఆ శాసనపు విశిష్టత సంఖ్యలలో లేదు. ఉత్తమ తటాకానికి ద్వాదశాంగాలను, షడ్దోషాలను అది శాస్త్రీయంగా నిరూపించినది. ధర్మపరుడైన ప్రభువు మొదటి అంగం, జలశాస్త్రవేత్త రెండవ అంగం. దృఢమైన నేల, మధురజలం గల నది, గట్టి రాతికట్ట, నిపుణులైన పనివారు మొదలైనవి తక్కినవి. కట్ట నుండి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, గర్భం నడుమ మెట్ట ఉండడం, నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం దోషాలు. ఈ చివరి దోషాన్ని మననం చేయవలెను. నాటి శాస్త్రజ్ఞుడు దానిని నిర్మాణానికి ముందే పరిహరించాడు. నేడు మనం చెరువు గర్భాన్ని పూడ్చి, వంకను ఇరుకుచేసి, నిర్దుష్టమైన తటాకానికి ఆ దోషాన్ని చేతులారా కల్పిస్తున్నాము.

నిర్మాణం తరువాత రక్షణ కూడా ధర్మవ్యవస్థలో భాగమై ఉండేది. రాయలసీమలో దశబంధం ఇనాములు ప్రసిద్ధం. చెరువును తవ్వించినవారికి లేదా మరమ్మతు బాధ్యత వహించినవారికి భూమిపై హక్కు సంక్రమించేది. చెరువును బాగుచేసే విధి దానికి తోడుగా ఉండేది. తూములను కనిపెట్టి పొలాలకు నీరు వదలే నీరుగంటికి ఊరంతా ధాన్యభాగం ఇచ్చేది. హక్కు, విధి ఒకే పత్రంలో ఇమిడి ఉండేవి. నేటి స్థలవిక్రయపత్రంలో చెరువు దృశ్యానికి వెల ఉన్నది, చెరువుకు చేయవలసిన సేవకు ఒక్క పంక్తి లేదు. ‘లేక్ వ్యూ’ అన్న మాటలోనే ఈ పతనం కనబడుతుంది. చూడడానికి చెరువు కావలెను, మోయడానికి అక్కరలేదు. యజ్ఞచక్రాన్ని వివరించే గీత తృతీయాధ్యాయం, పొందినదానిని తిరిగి సమర్పించక అనుభవించేవానిని చోరునితో సమానంగా ఎంచినది. మనుస్మృతి చతుర్థాధ్యాయం నీటిలో మలమూత్రాదులను విడువరాదన్నది. నవమాధ్యాయం తటాకాన్ని భేదించినవానికి కఠోరదండన విధించినది. కట్టను గడ్డపారతో తెగగొట్టినవాడే భేదకుడు కాడు. మురుగుకాలువను చెరువులోనికి మళ్ళించినవాడు, చెరువు పోరంబోకులో పునాది తీసినవాడు మెల్లమెల్లగా భేదించేవారు.

ఫలం కనబడుతూనే ఉన్నది. 2021 నవంబరులో పాపఘ్ని ఉగ్రరూపం దాల్చగా కమలాపురం దగ్గర వంతెన కూలినది. ఆ రోజులలోనే చెయ్యేరుపై అన్నమయ్య జలాశయపు మట్టికట్టకు గండిపడి దిగువ పల్లెలలో ఎందరో ప్రాణాలు కోల్పోయారు. 2024 అక్టోబరులో పండమేరు పొంగి అనంతపురం శివారు కాలనీలలోనికి వరద చొచ్చినది. కరవుసీమగా పేరుపడ్డ ప్రాంతంలో జలప్రళయం వింతగా తోచవచ్చును. వింత లేదు. ఏళ్ళ తరబడి ఎండిన వంకను చూచి మనుష్యుడు వంకను మరచిపోతాడు. వంక మాత్రం తన దారిని మరువదు.

ఇక్కడ ముసలమ్మ స్మరణీయ. బుక్కరాయసముద్రం చెరువు పొంగి కట్ట తెగబోగా, ఊరిని కాపాడడానికి బసిరెడ్డి కోడలు ముసలమ్మ ఆత్మార్పణం చేసినదని జనశ్రుతి. నేటికీ ఆ కట్ట ముసలమ్మ కట్టయే. ఆ కథను ‘ముసలమ్మ మరణం’ కావ్యంగా రచించిన కట్టమంచి రామలింగారెడ్డి, 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ప్రథమోపాధ్యక్షులైనారు. చెరువుకథ చెప్పిన కవియే విద్యాపీఠాన్ని తీర్చిదిద్దినాడు. తటాకం, కావ్యం, విద్యాస్థానం మరల ఒకచోట కలిసినవి.

ముసలమ్మను దేవతగా పూజించడం సముచితమే. కాని పూజతో ప్రశ్న ముగిసిపోదు. ఊరి ప్రమాదానికి మూల్యం ఒక ఇంటి కోడలు ఎందుకు చెల్లించవలసివచ్చినది? ఆమె సమ్మతితో వెళ్ళినదని కథ అంటుంది. వంక ఒడ్డున పల్లపునేలలో చవుకగా దొరికిన చోట గుడిసె వేసుకొన్న కూలివానిని ఎవరు సమ్మతి అడిగారు? మెరకలో, పటిష్ఠమైన మేడలో ఉన్నవారు నీటి దారిని ఆక్రమిస్తే, ఆ నీరు దారి మళ్ళి పడేది పల్లపు ఇంటిమీద. ఒకరి లోభానికి ఇంకొకరు బలి కావడం త్యాగం కాదు, హింస. తీరవాసి ఆస్తికుడైనచో అర్పించవలసినది తన మమకారాన్ని. తన ప్రహరీని నాలుగడుగులు వెనుకకు జరపడం ఈనాటి బలి.

దీనికి వేదాంతులు ఒక ఆక్షేపణ చేయవచ్చును. చెరువులు త్రవ్వించడం మొదలైన ఇష్టాపూర్తాలనే శ్రేష్ఠమని తలచేవారిని ముండకోపనిషత్తు మూఢులన్నది కదా, ప్రశాంతతీరంలో ధ్యానం చేసుకొనే ముముక్షువుకు మురుగుకాలువల చింత ఎందుకు అని. ఉపనిషత్తు నిందించినది పూర్తకర్మను కాదు. స్వర్గాది ఫలకామనతో, దానికి మించినది లేదనే అభిమానాన్ని మాత్రమే. యజ్ఞదానతపస్సులు త్యజింపదగినవి కావని, అవి మనీషులను పావనం చేస్తాయని గీత అష్టాదశాధ్యాయం నిర్ణయించినది. కర్మను దాటడం వేరు, ఎగవేయడం వేరు. తన ఇంటి మురుగు పోసిన చెరువును చూస్తూ సర్వం బ్రహ్మమయమని భావించేవాని అద్వైతం అతని గుమ్మం దగ్గరనే ఆగిపోయినది.

లౌకికులు వేరొక ఆక్షేపణ చేస్తారు. ఊరు పెరగవలెను, పల్లె నుండి వచ్చిన విద్యార్థికి గది కావలెను, అద్దె ఇంటివానికి బ్రతుకుతెరువు కావలెను అని. ఇది న్యాయమైన మాట, తోసివేయరానిది. కాని విద్యార్థికి గది ఎంత అవసరమో, ఆ గదిలో త్రాగే నీరు అంతకన్న అవసరం. బోరుబావికి ఊట ఇచ్చేది ఆ చెరువే. చెరువును మ్రింగిన ఊరు కొంతకాలానికి ట్యాంకరు కొరకు వీధిలో నిలబడుతుంది. వృద్ధిని ఆపమని ధర్మం అనదు. వృద్ధికి చోటు ఎక్కడో చెబుతుంది.

కనుక తీరవాసికి కొన్ని విధులు స్పష్టం. తన చెరువుకు నీరు ఏ వంక నుండి వస్తున్నదో, ఏ మరువ మీదుగా పోతున్నదో, తూములు ఎక్కడ ఉన్నవో అతడు నడిచి చూచి తెలుసుకోవలెను. గోత్రప్రవరలు తెలిసినట్లే ఇవీ తెలియవలెను. స్థలం కొనేముందు వాస్తుతోపాటు చెరువు నిండుమట్టాన్ని విచారించవలెను. ఇంటి మురుగును శుద్ధిచేయక నీటిలోనికి విడువరాదు. శ్రావణ శనివారం గండికి వెళ్ళే భక్తుడు స్నానానంతరం పాతబట్టలు, ప్లాస్టిక్ సంచులు పాపఘ్నిలో వదలి పుణ్యం మూటగట్టుకొన్నాననుకోరాదు. పాపాలను హరించే నది పట్ల చేసిన పాపాన్ని ఏ నదిలో కడుగుకొంటాడు? విద్యాస్థానాలకూ ఇందులో పాత్ర ఉన్నది. జలశాస్త్రవేత్తను తటాకానికి రెండవ అంగమన్న నేలలో వెలసిన సాంకేతిక విద్యాలయం, చుట్టుపక్కల చెరువుల కట్టలను, కాలువలను తన విద్యార్థుల చేత కొలిపించి గ్రామానికి తెలియజేస్తే అది ఋషిఋణాన్ని తీర్చుకొనే మార్గం.

గండి పర్వతాల నడుమ బంగారు తోరణం ఉన్నదని, అది పరిశుద్ధచిత్తులకు, అంత్యకాలం సమీపించినవారికి మాత్రమే కనబడుతుందని అక్కడివారి విశ్వాసం. దత్తమండలాల తొలి కలెక్టరైన థామస్ మన్రో దానిని చూచాడని, అనతికాలంలోనే 1827లో పత్తికొండ దగ్గర మరణించాడని చెప్పుకొంటారు. తోరణం కనబడడం ఎవరి వశంలోను లేదు. కాని ఆ కొండల నడుమ నీటికి దారి విడిచి ఉంచడం, ఆ దారికి అడ్డంగా తన గోడ లేవకుండా చూచుకోవడం ప్రతి తీరవాసి వశంలోనిది. చిత్తశుద్ధికి అక్కడ నుండియే ఆరంభం.