వానకు లెక్క ఉంది, వాగుకు లెక్క లేదు

హైదరాబాద్‌లో మధురానగర్, అమీర్‌పేట, పంజాగుట్ట హాస్టళ్లలో మన పిల్లలు ఎందరో ఉంటున్నారు. కోచింగుల కోసం పోయినవాళ్లు, ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు. పెద్ద వాన పడిన రాత్రి ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఫోన్ చేసి జాగ్రత్త చెప్పేది ఇప్పుడు వాళ్లే. ఏ బస్తీలో ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందో వాళ్ల ఫోన్లకు వస్తుంది. మైత్రీవనం దగ్గర రోడ్డు మీద నీళ్లు నిలిస్తే కాసేపటికే టీవీలో కనిపిస్తుంది. 1790 అడుగుల ఉస్మాన్‌సాగర్‌లో ఎంత నిండింది, 1763.5 అడుగుల హిమాయత్‌సాగర్‌లో ఎంత నిండింది, ఎన్ని గేట్లు ఎంత ఎత్తారు, అన్నీ చెబుతారు. చెప్పాల్సిందే. 1908 మూసీ వరద తర్వాత కట్టిన జలాశయాలు అవి. నగరాన్ని కాపాడే కొలత మీద మాకు ఏ కడుపుమంటా లేదు. అక్కడ ఉన్నదీ మన బిడ్డలే.

అయితే ఆ బిడ్డ తండ్రి చేను పక్కన పారే వాగు ఈ రాత్రి ఎన్ని అడుగులుందో చెప్పగలిగేవారు ఉన్నారా? తహసీల్ ఆఫీసుకు ఫోన్ చేయండి, ఇరిగేషన్ ఆఫీసుకు చేయండి. "వరద ఉధృతంగా ఉంది, అప్రమత్తంగా ఉండండి" అంటారు. ఉధృతం అంటే ఎన్ని అడుగులు? అప్రమత్తం అంటే మోటరు పీకాలా, బర్రెల పలుపులు విప్పాలా, ఇల్లు వదలాలా?

రాష్ట్రంలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. మంచి పనే. అవి ఉన్నందుకే 2023 జులై 27 ఉదయానికి ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడిందని తెలిసింది. పదేళ్ల కిందటి వాజేడు రికార్డు 517.5 దాటిందని పత్రికలన్నీ రాశాయి. అదే ఉదయం మోరంచపల్లి జనం ఇళ్ల కప్పుల మీద ఉన్నారు. వాళ్లను దించడానికి సైన్యం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. జంపన్నవాగు కొండాయి ఊరి మీద పడి ప్రాణాలు తీసింది. వాన ఎంత పడిందో దశాంశంతో సహా చెప్పగలిగిన యంత్రాంగం దగ్గర, మోరంచవాగు ఏ గంటకు ఎంత లేచిందో చెప్పే లెక్క లేదు. మునిగేది వానకు కాదు, వాగుకు. వాన ఒక ఊళ్లో పడుతుంది, వాగు ఇంకో ఊళ్లో పొంగుతుంది. మన చేలో చినుకు రాలకపోయినా పైనుంచి వచ్చిన నీళ్లు తెల్లారేసరికి మడికట్లు తెంపుకుని పోతాయి. ఈ సంగతి పదేళ్ల పశువుల కాపరికీ తెలుసు.

2024 ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబర్ 1 ఆదివారం జరిగిందీ ఇదే. మహబూబాబాద్ జిల్లా ఇనుగుర్తిలో 40 సెంటీమీటర్లు దాటిన వాన. మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వంతెన మీది నుంచి పారి మనుషులను తీసుకుపోయింది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఆ ఆకేరు తీర్థాల దగ్గర మున్నేరులో కలుస్తుంది. మున్నేరు ఖమ్మంలో 36 అడుగులకు చేరింది. ఖమ్మం కాల్వొడ్డు దగ్గర 16 అడుగులకు మొదటి హెచ్చరిక, 24 అడుగులకు రెండోది ఉన్నాయి. అంటే పట్టణానికి ఒక కొలబద్ద ఉంది. దానికి పైన పదుల మైళ్ల పొడుగున ఆకేరు, మున్నేరు ఒడ్ల మీద వరి, పత్తి, మిరప వేసిన ఊళ్ల సంగతి ఏమిటి? పైన వంతెనకు నీళ్లు తగిలిన గడియకూ, కింద తీర్థాల పొలాల్లోకి వచ్చిన గడియకూ మధ్య కొన్ని గంటలు ఉంటాయి. ఆ గంటలే రైతుకు మిగిలిన ఆస్తి. ఆ వ్యవధిలో మోటర్లు పైకి లాగొచ్చు, స్టార్టర్ డబ్బాలు విప్పొచ్చు, గొడ్లను మెరక మీదికి తోలొచ్చు. ఎవరూ కొలవలేదు, ఎవరూ చెప్పలేదు, ఆ గంటలు నిద్రలో పోయాయి. ఇప్పుడు ఖమ్మంలో మున్నేరు రెండు ఒడ్లా కాంక్రీటు గోడలు కడుతున్నారు. కట్టండి. కానీ గోడల మధ్య ఇమడని నీళ్లు ఎవరి పొలాల్లోకి మళ్లుతాయో అది కూడా కొలిచి చెప్పండి.

"మేము రెడ్ అలర్ట్ ఇచ్చాం కదా" అంటారు. జిల్లా మొత్తానికి ఒకే రంగు పూస్తే రైతు దానితో ఏం చేసుకోవాలి? భద్రాచలం చూడండి. 43, 48, 53 అడుగులు. గోదావరి ఒడ్డున ఏ ముసలమ్మను అడిగినా మూడు హెచ్చరికలూ చెబుతుంది. 43కు ఏ రోడ్డు మునుగుతుందో, 53కు ఎవరు సామాన్లు సర్దాలో వాళ్లకు తెలుసు. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు నష్టం ఘోరంగా జరిగింది, నిజమే. కానీ ముందే తెలిసి జనం కదిలారు. ఆ అంకెల వెనక ఏళ్ల తరబడి రాసిన పుస్తకం ఉంది. వాగులకు ఆ పుస్తకం లేదు. పెద్ద నదికి కొలత, చిన్న వాగుకు సానుభూతి. ఇదీ మన జలవిధానం.

కొలత లేకపోతే నష్టం రెండుసార్లు. మొదటిసారి నీళ్లు వచ్చినప్పుడు, రెండోసారి పరిహారం రాసేటప్పుడు.

2022 నుంచి 2026 మార్చి దాకా అమలుకు కేంద్రం పెట్టిన విపత్తు సహాయ నిబంధనలు చూడండి. పంట 33 శాతం పోతేనే లెక్కలోకి వస్తుంది. నీటి వసతి ఉన్న పంటకు హెక్టారుకు 17 వేలు, వర్షాధారానికి 8,500. ఎకరాల్లోకి మారిస్తే వరికి దాదాపు 6,900, మెట్ట పత్తికి 3,400. రెండు హెక్టార్లు దాటితే లేదు. ఇసుక మేట మూడంగుళాలు దాటి ఉంటే, తీయించుకోవడానికి హెక్టారుకు 18 వేలు, ఎకరాకు ఏడు వేల చిల్లర. జేసీబీ గంటకు ఎంత అడుగుతున్నాడో మీకు తెలుసు, మేము చెప్పనక్కర్లేదు. కొట్టుకుపోయిన మోటరుకూ పైపులకూ ఆ పట్టికలో గడి కూడా లేదు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఎకరాకు 10 వేలు ప్రకటించింది. అదీ పట్టాదారు పేరు మీద కదులుతుంది. చేను మునిగినవాడు కౌలుదారైతే ఆసామి దయ.

ఆ 33 శాతం ఎవరు తేలుస్తారు? నీళ్లు తీసిన కొన్ని రోజులకు వచ్చిన అధికారి గట్టు మీద నిలబడి చూసి తేలుస్తాడు. అప్పటికి వరి పచ్చగానే కనిపిస్తుంది. పూత మీద ఉన్న వరి నాలుగు రోజులు నీళ్లలో ఉంటే గింజ పట్టదు, కోతకు వచ్చినప్పుడు తాలు తేలుతుంది. పత్తి వేళ్లకు ఊపిరాడక వారానికి వడలుతుంది. రాసే రోజున ఈ రెండూ కనిపించవు. "నిలబడే ఉంది కదా" అని పాతిక శాతం వేసి పోతే ఇక అప్పీలు లేదు. అదే వాగు ఎన్ని అడుగులకు లేచింది, ఎన్ని గంటలు ఆ మట్టంలో ఉంది అని రాసిన కాగితం పంచాయతీలో ఉంటే? ఫలానా మట్టానికి ఫలానా సర్వే నంబర్లు మునుగుతాయని ముందే గుర్తించి ఉంటే? అప్పుడు రైతు చేతులు జోడించి నిలబడనక్కర్లేదు, కాగితం ముందు పెడతాడు. పంటల బీమా నుంచి ఈ రాష్ట్రం 2020లోనే తప్పుకుంది. మళ్లీ బీమా అనే మాట ఎప్పుడు ఎత్తినా కంపెనీవాడు మొదట అడిగేది రుజువే.

ఒకప్పుడు ఊళ్లో నీరడి ఉండేవాడు. చెరువు తూము ఎంత ఎత్తాలో, ఏ ఒర్రె ముందు పొంగుతుందో అతనికి తెలుసు. ఆ పనిని కులానికి కట్టేసి, గింజలతో సరిపెట్టిన పాత వ్యవస్థ తిరిగి రావాలని మేము అనడం లేదు. తర్వాత వాళ్లు వీఆర్‌ఏలయ్యారు. 2020లో వీఆర్‌ఓలను రద్దు చేశారు, 2023లో వీఆర్‌ఏలను వేరే శాఖలకు సర్దారు. వాళ్లకు జీతం, ఉద్యోగ భద్రత రావడం న్యాయమే. కానీ రాత్రి రెండు గంటలకు లాంతరు పట్టుకుని వాగు దగ్గరికి పోయే పని ఎవరికిచ్చారు? ఎవరికీ ఇవ్వలేదు. 2025లో గ్రామ పాలన అధికారులను తెచ్చారు. వాళ్ల పనుల జాబితాలో వాగు మట్టం రాయడాన్ని చేర్చడానికి ఒక్క జీవో చాలు.

వాగులు వేలల్లో ఉన్నాయి, అన్నిటికీ యంత్రాలు పెట్టడానికి డబ్బులెక్కడివి అని అడిగే పెద్దలకు ఒక మాట. ఊరూరా చెక్‌డ్యాములకు కోట్లు పోసినప్పుడు ఈ ప్రశ్న వినలేదు. మేము తిరిగిన చోట్ల చెక్‌డ్యాం గోడ మీద శిలాఫలకం ఉంది, అడుగుల గీతలు లేవు. అమెరికాలో మొక్కజొన్న పండించే అయోవా రాష్ట్రం 2008 వరదల తర్వాత యూనివర్సిటీలో వరద కేంద్రం పెట్టి, పల్లె వంతెనలకు చవకగా తయారైన సెన్సర్లు బిగించింది. రైతు ఇంట్లో కూర్చుని తన వాగు చూసుకుంటాడు. అది ధనిక దేశం అంటారా, నేపాల్ చూడండి. కర్నాలి నది మీద పైన కొలబద్ద చూసే మనిషి కింది ఊళ్లకు ఫోన్ చేస్తాడు. పెయింటు డబ్బా, ఒక మనిషి, ఒక ఫోన్. వందల కోట్ల టెండరు లేదు కాబట్టి ఎవరికీ ఉత్సాహం లేదేమో.

ప్రతి వంతెన, కల్వర్టు, చెక్‌డ్యాం మీద అడుగుల గీతలు వేయాలి. వానకాలంలో గంట గంటకూ రాసే మనిషిని జీతంతో పెట్టాలి. పెద్ద వాగులకు సెన్సర్లు పెట్టి, పైన ఊరి మట్టం కింది ఊరి పంచాయతీకి నేరుగా పోయేలా చేయాలి. ఆ పుస్తకాన్ని పరిహారానికి రుజువుగా తీసుకోవాలి. సాగు చేసినవాడి పేరు మీదే పరిహారం రాయాలి. మోటర్లకూ పైపులకూ పట్టికలో గడి పెట్టాలి. ఇవి మా డిమాండ్లు. మండల కార్యాలయాల ముందు వినతిపత్రాలు ఇవ్వండి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి.

అప్పటిదాకా చేతులు ముడుచుకుని కూర్చోవద్దు. వాగు ఒడ్డున ఉన్న ప్రతి గ్రామ కమిటీ మృగశిర కార్తె లోపల ఈ పని చేయాలి. వంతెన స్తంభం మీద వాగు అడుగు నుంచి అడుగుకొక గీత, తెల్ల పెయింటు మీద నల్ల అంకె. రాత్రి టార్చి వేస్తే కనపడాలి. ఊళ్లో పెద్దవాళ్లను తీసుకుపోయి, వెనకటి వరద ఎక్కడిదాకా వచ్చిందో అడిగి ఎర్ర గీత కొట్టండి. ఏ అంకెకు ఎవరి చేను మునుగుతుందో నోటుబుక్కులో పేర్లతో రాయండి, కౌలుదారు పేరు కూడా. పై ఊరి కమిటీ నంబరు, కింది ఊరి కమిటీ నంబరు పంచాయతీ గోడ మీద పెద్దగా రాయించండి. వాగు లేచిన రాత్రి తేదీ, సమయం, అంకె రాసి, గీత కనిపించేలా ఫొటో తీసి కింది ఊరికి పంపాలి. నోటుబుక్కు నకలు ఒకటి యూనియన్ జిల్లా కమిటీకి చేర్చండి.