నొప్పిని దాచుకొనరాదు

హృద్రోగమునకు శస్త్రచికిత్స యనిన రొమ్మెముకను నిలువున కోయుటయే యని మన పెద్దలు పలువురు నేటికిని తలంతురు. ఇప్పుడు కొన్ని వ్యాధులకు ప్రక్కటెముకల నడుమ చిన్న గాటు పెట్టి పని ముగించుచున్నారు. గాటు చిన్నదైనంత మాత్రమున నొప్పియు చిన్నదని భ్రమింపరాదు. ప్రతి ప్రక్కటెముక వెంటను ఒక నరము సాగుచుండును. ఎముకలను ఎడము చేసినపుడు అది నలుగవచ్చును. పిదప ఊపిరి పీల్చినపుడెల్ల పోటు పొడుచును. దానికి వెరచి రోగి గట్టిగా దగ్గడు. కఫము నిలిచి న్యుమోనియాకు దారితీయును. కావున నొప్పిని అణచుట సుఖము కొరకే కాదు, ఊపిరితిత్తుల రక్షణ కొరకును.

మార్ఫిన్ వంటి మందులు నొప్పిని తగ్గించును గాని మగత, వాంతులు కలిగించును; మోతాదు మించిన శ్వాసయే మందగించును. అందుచే ఆ నరములనే కొంతసేపు మొద్దుబార్చు పద్ధతులు వ్యాపించుచున్నవి. 2013లో ప్రక్క రొమ్ము కండరము కడను, 2016లో వెన్ను కండరము కడను మందునిచ్చు విధానములను వైద్యులు ప్రకటించిరి. మత్తు వైద్యుడు అల్ట్రాసౌండ్ తెరపై చూచుచు కండరపు పొరలలో బ్యూపివకెయిన్ వంటి మందును ఎక్కించును. ఒక్కసారి ఇచ్చిన మందు కొన్ని గంటలే పనిచేయును. సన్నని గొట్టము నుంచినచో దినముల తరబడి ఇయ్యవచ్చును. శస్త్రచికిత్సలో రక్తము గడ్డకట్టకుండ హెపారిన్ వాడుదురు గనుక, వెన్నులోతున సూది గ్రుచ్చుట కంటె ఇందు రక్తస్రావ భయము తక్కువ. ఐనను ఇది అందరికిని సరిపడదు. ఇతర మందులును వలసియుండును.

ఇక మన విషయము. 1936లో గంజాము ఒడిషాలో చేరిన నాటినుండి మనము రెండు భాషలతో బ్రతుకుచున్నాము. బరంపురమున 1962 నుండి వైద్య కళాశాల కలదు. చికిత్సకై భువనేశ్వరమునకును, విశాఖపట్టణమునకును గూడ పోవుచున్నాము. అంగడిలో ఒడియా చక్కగ మాటాడు ముదుసలికైనను నొప్పివేళ నోట వచ్చునది తెలుగే. పోటు వేరు, మంట వేరు, సలుపు వేరు, తిమ్మిరి వేరు. ప్రక్కనున్న కుమారుడు వీనినన్నిటిని "నొప్పి" యని ఒక్క మాటతో తేల్చినచో వైద్యునికి జాడ తప్పును. సున్న మొదలు పది వరకు నొప్పి ఎంత యని నర్సు అడిగినపుడు "ఫరవాలేదమ్మా" యని ఓర్చుకొను తల్లులు మన యిండ్లలో తక్కువ కారు. అది ఓర్పు కాదు, అపాయము.

కావున శస్త్రచికిత్సకు ముందే మత్తు వైద్యుని కలిసి, "ఈ నరముల మందు మాకు తగునా?" యని అడుగవలెను. రక్తము పలుచబరచు మాత్రలు వాడుచున్నను, ఏ మందైనను పడకున్నను చెప్పవలెను. ఆసుపత్రుల వారు నొప్పి పట్టికను ఒడియాతోపాటు తెలుగునను గోడపై నుంచవలెనని మేము కోరుచున్నాము. ఆ పట్టికకు తగిన మాటలు కూర్చి యిచ్చుట మన సంఘము పూనుకొనదగిన పని.