విందునందలి హత్య

విందనగా నలుగురు కూడి సంతోషముతో భుజించుట. హత్య యనగా విన్నంతనే గుండె ఝల్లుమను మాట. ఈ రెంటికిని పొత్తెట్లు కుదురునని మన పల్లెలలోని పెద్ద లడుగుదురు. కాని యీ కాలమున నగరములందు వీనిని రెంటిని జేర్చి యొక వినోదముగా నడుపుచున్నారు. మన పాఠశాలలో పై తరగతుల విద్యార్థులు కొందరు వార్షికోత్సవపు విందులో నిట్టి యాట నాడుటకు సెలవు గోరుచున్నారని వింటిని. కిందటి వేసవిలో బెంగుళూరునం దొక బంధువు నన్ను అట్టి విందునకు గొనిపోయెను గనుక, ఆ విషయమున నా యభిప్రాయమును పాఠకుల యెదుట నుంచుచున్నాను.

ఆ విందు తీరిట్లుండును. వచ్చిన యతిథుల కొక్కొక్కరి కొక్కొక్క చీటి నిత్తురు. ఒకడు వైద్యుడు, ఒకడు వజ్రాల వర్తకుడు, ఒకతె జమీందారిణి. నాకు వంటవాని వేషము వచ్చెను. పులుసు వడ్డించుచుండగా దీపము లారెను. ఒక కేక వినబడెను. మరల దీపములు వెలుగునప్పటికి జమీందారు వేషధారి నేలపై బడియుండెను. అటుపిమ్మట నెవరి చీటిలోని సంగతిని వారు కొంత చెప్పుచు, కొంత దాచుచు, ఒకరి నొకరు ప్రశ్నించుకొనుచు, భోజనము ముగియులోపల హంతకుని గనిపెట్టవలెను. మే మందరము వైద్యునే దోషిగా నిర్ణయించితిమి. తుదకు జమీందారిణియే చంపినట్లు తేలెను. చచ్చినవాడు లేచివచ్చి మాతో గూడ పాయసము త్రాగెను. అందరును నవ్విరి, నేనును నవ్వితిని.

చూచువారిని కథలోనికి దింపు నిట్టి వినోదములు నిన్న మొన్నటివి గావు. 1935లో న్యూయార్కున నాడిన అయన్ రాండ్ నాటక మొకదానిలో ప్రేక్షకులనే కొందరిని బిలిచి జూరీగా గూర్చుండబెట్టి, వారి తీర్పునుబట్టి ముగింపును మార్చుచుండిరి. 1949లో ఇంగ్లండున హంతకుని వెదకు ‘క్లూడో’ యను బల్లయాట వెలువడెను. 1980లో బోస్టను నగరమున నారంభమై యేండ్ల తరబడి నడచిన యొక నాటకమున హంతకు డెవ్వడో ప్రేక్షకులే నిర్ణయించుచుండిరి. మన తోలుబొమ్మలాటలో మాత్రము జుట్టుపోలిగాడు కూర్చున్నవారిని బలుకరించి నవ్వింపలేదా?

ఈ యాటలో మేలు లేదనను. శ్రద్ధతో వినుట, విన్నదానిని గుర్తుంచుకొనుట, పొంతనలేని మాటను బట్టుట యిందు అభ్యాసమగును. మేము వైద్యుని దోషి యనుటకు గారణ మేమి? అతడు మాటాడునపుడు తడబడెను, అంతియే. తడబాటు దోషమునకు సాక్ష్యము గాదని యాపూట నేర్చుకొంటిని.

అయినను ఇల్లు చేరిన పిదప నొక సంగతి నన్ను బాధించెను. ఆ రేయి మేము వేసిన ప్రశ్నలలో చచ్చినవానిని గూర్చిన ప్రశ్న యొక్కటియు లేదు. వాడు మా కొక మనుష్యుడు గాక, విప్పవలసిన చిక్కుముడి మాత్రమే యయ్యెను.

ఇంతకంటె లోతైన హత్యాకథను మన చక్రాయపేట మండలమే లోకమునకు జూపినది. పూర్వము సొరుగు అనబడిన మన సురభి గ్రామమున, 1885లో, తోలుబొమ్మలాటతో జీవించుచుండిన వనారస వంశీయులు, గోవిందరావుగారు మొదలగువారు, ‘కీచకవధ’ నాడిరి. తెర వెనుక బొమ్మల నాడించిన చేతులే వేషములు గట్టి తెర ముందునకు వచ్చెను. ఆ యూరి పేరే వారి సమాజమునకు బేరయ్యెను. తరువాత నది పదులకొలది శాఖలుగా విస్తరించెను. బాబ్జీ యని ప్రసిద్ధులైన సురభి నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ పురస్కారము లభించెను.

కీచకవధలో చీకటి కలదు, శవము కలదు, గంధర్వులు చంపిరను వదంతి కలదు. ఆ చావును విని, ఇది భీముని పనియే యని దుర్యోధను డూహించెనని పురాణము చెప్పు పెద్ద లందురు. అయినను చూచువారికి హంతకు డెవ్వడో ముందే తెలియును. కనుక వారి మనస్సు వేరొక ప్రశ్నను బట్టుకొనును: సైరంధ్రి నిండుకొలువులో మొరపెట్టుకొన్నపుడు సభ యేమి చేసెను? విరాటుడు బావమరిదికి వెరచి న్యాయము చేయలేకపోయెను. పగటివేళ కొలువులో దొరకవలసిన న్యాయము దొరకనందుననే, రాత్రివేళ నర్తనశాలలో హత్య జరిగెను. అంతటితోనైన నిలిచెనా? ఉపకీచకులు పగబట్టి సైరంధ్రిని చితికి గొనిపోయి తామును జచ్చిరి. ఒక చావు మరికొన్ని చావులను వెంటబెట్టుకొని వచ్చెను.

ఈ మాట మన సీమవారికి వివరింప నక్కరలేదు. ఇచ్చట హత్య చీటిలోని కథ గాదు. పల్లెకక్షలలో తండ్రులను గోల్పోయిన బిడ్డలను, పసుపు కుంకుమలు గోల్పోయిన తల్లులను మన మెరుగుదుము. వారి యింటి చచ్చినవాడు లేచివచ్చి పాయసము త్రాగడు. నగరపు విందులో హంతకు డెవ్వడో యెవ్వరికిని దెలియదు, అయినను అందరు మాటాడుదురు. కక్ష గల పల్లెలో అందరికిని దెలియును, అయినను సాక్ష్యము చెప్పవలసిననాడు నోరు విప్పువాడుండడు. ఆ యాటలో గెలుచుటకు దెలివి చాలును. ఈ మౌనమును గెలుచుటకు ధైర్యము వలయును.

పురాణకథ మిషను పాఠశాలకు దగునా యని కొంద రడుగవచ్చును. ఆదికాండమును దలచికొనుడు. కయీను తమ్ముని జంపినపుడు దేవుడు మొదట హంతకు డెవ్వడని యడుగలేదు. హేబె లెక్కడనున్నాడని యడిగెను. విచారణ హతునితో నారంభమయ్యెను. కయీను తాను తమ్మునికి గావలివాడనా యని తప్పించుకొనజూచెను. విరాటుని సభలోని మౌనమునకును ఆ జవాబునకును భేదమెంత?

కావున నా మనవి యిది. విద్యార్థులు పరిశోధించు నాట నాడవలసినదే. కాని హత్య వలదు. బడిగంట మాయమైనదని కథ గట్టుడు. బుద్ధికి బదునంతయు నందే దొరకును. పండుగనాడు మన పంక్తిలో భుజించు బిడ్డలలో నేలపై బడిన శవమును చూచి నవ్వజాలనివారు కూడ నుందురేమో తలచికొనుడు. విందు ముగిసిన పిదప వేదికపై కీచకవధలోని కొలువు ఘట్టము నొక్కటి యాడుడు. సైరంధ్రి మొర ముగియగానే నాటకము నాపి, కూర్చున్న తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను, బాలబాలికలను సభాసదులుగా నెంచి, “మీరా కొలువులో నుండిన నేమి పలికియుందురు?” అని యడుగుడు.

ఎవడైన నొక బాలుడు లేచి నిలిచి వణకుచునైనను జవాబు చెప్పెనేని, మన వార్షికోత్సవము సార్థకమైనదని నేను దలంతును.