బొగ్గు పోవాలి సరే, కూలోళ్ల బతుకు పోకూడదు

మేము చదివింది తమిళ మీడియం. రాతలో తప్పులుంటే మన్నించి, విషయం చూడండి.

రైల్వేలో గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ మేము బొగ్గు గూడ్సుల లెక్కలు రాసినాము. ఒక్కో బండికి మూడు వేల టన్నుల పైమాటే. ఆ బొగ్గు కాల్చే చోట పొగా బూడిదా మింగేది చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. కాబట్టి బొగ్గు పోవాలనేదే మా మాట కూడా.

మన నాగలమడిక హోబళిలో తిరుమణి, వళ్లూరు, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు ఊళ్లలో 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు 2019 చివరికి పూర్తయింది. భూమి కొనలేదు, గుత్తకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. వాన మొహం చూసే శెనక్కాయ చేను కన్నా ఇది నయమే. కాదనము.

"గుత్త వస్తాంది గదా, ఇంకేం కావాలి?" అని మన సంఘంలోనే కొందరు పెద్దలు అంటున్నారు. అయ్యా, ఎవరికి వస్తాంది? పహణీలో పేరున్నవాళ్లకు. పదెకరాల రైతుకు రెండు లక్షల పైన. అదే చేన్లో కలుపు తీసి, కాయ పీకి బతికిన ఆడకూలికి సున్నా. గొర్రెల కాపరికి కంచె. పలకలు తుడిచే పని, గడ్డి కోసే పని, కావలి పని ఎంతమందికి సరిపోతాయి?

"అభివృద్ధి అంటే ఎవరో ఒకరు నష్టపోవాల" అంటారా? బొగ్గు గనుల కాడ ఊళ్లు ఖాళీ చేయించినప్పుడూ అదే మాట అన్నారు.

ఇప్పుడే ఎందుకు అడగాలంటే, పొద్దు గూకినాక శరావతి నీళ్లతో పాటు రాయచూరు, బళ్లారి బొగ్గే దిక్కు. ఆ బొగ్గు ఆపాలంటే బ్యాటరీలు కావాలి, వాటిని నింపను ఇంకా పలకలు కావాలి. అంటే మళ్లా మన భూమే అడుగుతారు. సంతకం పెట్టకముందే మన మాటకు విలువ.

మేము అడిగేది మూడే. కొత్తగా ఇచ్చే ప్రతి ఎకరాకూ కూలి కుటుంబాలకు ఒక వంతు రాసివ్వాలి, ఆ పేర్లు గ్రామసభలో చదవాలి. అమెరికా, ఆస్ట్రేలియాల్లో మాదిరి పలకల కింద గొర్రెలు మేపనివ్వాలి. బ్యాటరీల పనిలో మన పిల్లలకు శిక్షణ ఇచ్చి ముందు తీసుకోవాలి.

వచ్చే మీటింగులో ఇది తీర్మానంగా పెడతాము. కాదనేవాళ్లు వచ్చి కాదనండి, వింటాము. వచ్చేటప్పుడు భూమి లేనోళ్లను కూడా పిలుచుకొని రండి.