మన ఎంపీ ఓటు ఎటు?

సౌర, పవన విద్యుత్తుకు అండగా నిలిచింది మేమేనని ప్రతి పార్టీ చెప్పుకుంటోంది. పార్లమెంటులో మీ నాయకుడేం చేశాడు, మా నాయకుడేం చేశాడు అంటూ రచ్చబండల దగ్గర వాదనలూ సాగుతున్నాయి. కానీ ఈ వాదన తేల్చే కాగితం చాలా బిల్లుల విషయంలో అసలు లేదు.

ఇంధన పొదుపు సవరణ బిల్లునే చూడండి. 2022 ఆగస్టు 8న లోక్‌సభ దాన్ని మూజువాణి ఓటుతో ఆమోదించింది. డిసెంబరులో రాజ్యసభ ఆమోదమూ పొంది చట్టమైంది. పెద్ద పరిశ్రమలు వాడే ఇంధనంలో కొంత భాగం బొగ్గు, చమురు కాని వనరుల నుంచి ఉండాలని నిర్దేశించే అధికారం కేంద్రానికి దక్కింది. ఆ వనరుల్లో బయోమాస్, ఇథనాల్ ఉన్నాయి. అంటే మన వరిగడ్డి, పత్తికట్టె, చెరకు, మొక్కజొన్న. కర్బన క్రెడిట్ల వ్యాపారానికీ ఈ చట్టమే దారి వేసింది. ఆ లాభంలో రైతు వాటా ఎంత అని అడగాల్సిన సభలో ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో పేర్లవారీగా నమోదు కాలేదు.

ఈ పద్ధతి దెబ్బ రైతుకు కొత్తేమీ కాదు. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో ప్రతిపక్షాలు ఓటింగు కోరుతున్నా రెండు సాగు బిల్లులను మూజువాణితోనే గట్టెక్కించారు. ఏడాదికి పైగా సాగిన రైతు ఉద్యమం తర్వాత, 2021 నవంబరు 29న ఆ చట్టాల రద్దు బిల్లునూ చర్చ లేకుండా అదే పద్ధతిలో ఆమోదించారు.

విప్ ఉన్నప్పుడు ఎంపీ సొంతంగా ఓటేయలేడు కదా, లెక్క దేనికని కొందరంటారు. ఫిరాయింపుల చట్టం వల్ల విప్‌ను ధిక్కరిస్తే పదవే పోవచ్చన్నది నిజమే. అయినా లెక్క ఉంటే పార్టీ వైఖరి బయటపడుతుంది. ఢిల్లీలో ఒక మాట, ఊళ్లో ఒక మాట చెల్లదు.

డివిజన్ కోరే హక్కు సభ్యులకు ఉంది. కాబట్టి ప్రతి మండల శాఖ తమ ఎంపీకి లేఖ రాయాలి. ఇంధన బిల్లు వచ్చినప్పుడు డివిజన్ కోరతారా? సోలార్ పార్కులకు భూమి ఇచ్చిన రైతుకు కౌలు భద్రత అడుగుతారా? వ్యవసాయానికి ఉచిత విద్యుత్తును కాపాడతారా? జవాబు రాతపూర్వకంగా తీసుకుని గ్రామసభలో చదవాలి. జవాబు రాకపోతే ఆ మాటా చదవాలి. ఓటు అడగడానికి వచ్చేవారి ఓటు ఎటు పడిందో తెలుసుకోవడం మన హక్కు.